ఒకే ఇంటి కంప్యూటర్‌లో ఒకే పనికి రెండు మూడు ప్రోగ్రాములు: తగవు రాకుండా నడిపే విధానం

తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంట్లో ఉన్నది ఒకే ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్. పగటిపూట దాని మీద నేను పెళ్లి పత్రికలు, కరపత్రాలు కూర్చుతాను. సాయంత్రం ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి ప్రోగ్రామింగు అభ్యాసాలు చేసుకుంటాడు. రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడ తమ పొదుపు సంఘం లెక్కలు అందులోనే రాస్తుంది. ఇక తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజున, ఊళ్లో ఉన్నవాళ్లం మేమే కాబట్టి ఆ పని మాకే సులువని నమ్మే చుట్టాలందరి ఫోన్లూ మా ఇంటికే వస్తాయి. ఇంతమంది అవసరాలు తీర్చే క్రమంలో ఆ ఒక్క యంత్రంలో మూడు బ్రౌజర్లు, రెండు ఆఫీసు ప్యాకేజీలు, తెలుగు టైపు చేయడానికి మూడు పద్ధతులు, రెండు పీడీఎఫ్ రీడర్లు, పైథాన్ అనే ప్రోగ్రామింగు భాషకు రెండు వెర్షన్లు చేరాయి.

ఇలాంటి కంప్యూటర్‌ను చూసిన వారిలో ఎక్కువమంది ఇచ్చే సలహా ఒకటే: ఒక్కొక్క పనికి ఒక్కొక్క ప్రోగ్రామును ఉంచుకొని మిగిలినవన్నీ తీసేయమంటారు. ఆ సలహాతో నేను ఏకీభవించను. నా అనుభవంలో ప్రోగ్రాములు ఒకే పని చేస్తున్నంత మాత్రాన కొట్లాడుకోవు. వేరు గదులున్న తోడికోడళ్లు హాయిగానే ఉంటారు, మాటా మాటా పెరిగేది కుళాయి దగ్గరే. అదే విధంగా రెండు ప్రోగ్రాముల మధ్య తగవు వచ్చేది అవి పంచుకోవలసిన వస్తువు దగ్గర మాత్రమే. ఇంటి కంప్యూటర్‌లో అలా పంచుకోవలసినవి లెక్కపెడితే ఆరున్నాయి: ఒక రకం ఫైలును తెరిచే హక్కు, కీబోర్డు మీద పడే మీట, కంప్యూటర్ ఆన్ కాగానే లేచే అవకాశం, ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకొనే జ్ఞాపకం), డిస్కు మీద కాపలా, ఒకే ఫోల్డరు. కొత్త ప్రోగ్రామును పెట్టుకొనే ముందు ఇది ఇప్పటికే ఉన్నదానితో ఈ ఆరింటిలో దేన్ని పంచుకుంటుందని అడిగి చూసుకుంటే చాలు, సగం చిక్కులు పుట్టకముందే తీరిపోతాయి. ఈ వ్యాసంలోని పద్ధతులన్నీ విండోస్ 10, 11 వాడేవారిని దృష్టిలో పెట్టుకొని రాసినవి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందన్న సంగతిని కూడా ఆ వెర్షన్‌లో ఉన్నవారు గుర్తుంచుకోవాలి.

మొదటి ఇన్‌స్టాలేషన్‌కు ముందు

స్టార్ట్ మెనూలో ‘క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్’ అని వెతికితే వచ్చే పెట్టెలో సి డ్రైవుకు ‘ప్రొటెక్షన్’ ఆన్‌లో ఉందో లేదో చూడండి. చాలా కంప్యూటర్లలో అది ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్ చేసి, తేదీ తెలిసే పేరుతో ఒక రిస్టోర్ పాయింట్ తయారు చేసుకుంటే, కొత్త ప్రోగ్రాము వల్ల ఏదైనా చెడినప్పుడు కంప్యూటర్ అమరికలను ఆ తేదీనాటి స్థితికి వెనక్కి తీసుకుపోవచ్చు. ఇది మీరు రాసుకున్న పత్రాలకూ ఫొటోలకూ రక్షణ కాదు, వాటిని విడిగా ఒక పెన్‌డ్రైవులోనో బయటి హార్డ్ డిస్కులోనో దాచుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నంపూట కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేని మన ప్రాంతంలో, యూపీఎస్ బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు పెద్ద ప్రోగ్రాములను ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టకపోవడం కూడా ముందు జాగ్రత్తలో భాగమే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘టిపికల్’, ‘కస్టమ్’ అని రెండు దారులు కనిపిస్తే ఎప్పుడూ కస్టమ్‌నే ఎంచుకోండి. ఫలానా రకం ఫైళ్లన్నీ ఇకపై నేనే తెరుస్తాను, కంప్యూటర్ ఆన్ కాగానే నేనూ లేస్తాను, పనిలో పనిగా ఇంకొక ఉచిత ప్రోగ్రామును కూడా తెస్తాను అని ఆ ప్రోగ్రాము పెట్టుకున్న కోరికలన్నీ ఆ తెరలోనే గడులుగా కనిపిస్తాయి. ఆ టిక్కులు తీసేయడానికి పట్టేది అర నిమిషం.

ఏ రకం ఫైలు ఎవరిది

పీడీఎఫ్ రీడర్లు రెండున్నా ఇరవై ఉన్నా, ఫైలు మీద రెండుసార్లు నొక్కినప్పుడు తెరిచేది ఒక్కటే. ఆ ఒక్కటి ఏదో మీరు నిర్ణయించకపోతే, చివరగా ఇన్‌స్టాల్ అయినదో చివరగా అప్‌డేట్ అయినదో ఆ హక్కును అడుగుతూ ఉంటుంది. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్ తెరిచి, విండోస్ 11లో అయితే పైనున్న గడిలో ఫైలు పేరు చివర చుక్క తరువాత వచ్చే అక్షరాలను టైపు చేస్తే ప్రస్తుతం ఆ రకం ఫైలు ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది, అక్కడే మార్చుకోవచ్చు. ఈ అమరిక విండోస్‌లోని ఒక్కొక్క వాడుకరి ఖాతాకు విడివిడిగా ఉంటుంది కనుక, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఖాతా తెరిచి ఇస్తే ఈ తగవు దాదాపుగా లేకుండా పోతుంది. మా అబ్బాయి ఖాతాలో పీడీఎఫ్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. నా ఖాతాలో అచ్చుకు పంపే ముందు రంగులు, కొలతలు చూపించే రీడర్‌లో తెరుచుకుంటుంది. రెండో ప్రోగ్రాముతో అప్పుడప్పుడు పని పడితే ఫైలు మీద మౌస్ కుడి మీట నొక్కి ‘ఓపెన్ విత్’ ద్వారా తెరవండి. ఆ సందర్భంలో ‘ఆల్వేస్’ కాకుండా ‘జస్ట్ వన్స్’ ఎంచుకోవాలి.

ఆఫీసు ప్యాకేజీల విషయానికి వస్తే, మైక్రోసాఫ్ట్ ఆఫీసు, 2010లో ఓపెన్ ఆఫీసు నుంచి విడిపడి పుట్టిన లిబ్రే ఆఫీసు ఒకే కంప్యూటర్‌లో ఏ ఇబ్బందీ లేకుండా ఉంటాయి. ఒకే పత్రాన్ని ఒకరోజు ఇందులో, మరొకరోజు అందులో తెరిచి సేవ్ చేస్తూ పోతేనే ఇబ్బంది మొదలవుతుంది. రెండింటికీ పేజీ అమరికను లెక్కించే తీరు కొద్దిగా వేరు కాబట్టి పట్టికల గీతలు జరుగుతాయి, పేజీ చివరి వాక్యం పక్క పేజీకి దూకుతుంది. నా నియమం ఏమిటంటే, ప్రతి పత్రానికీ ఒక పుట్టిల్లు ఉంటుంది. ఎందులో పుట్టిందో అందులోనే దిద్దాలి, ఇతరులకు చూపడానికి మాత్రం పీడీఎఫ్‌గా మార్చి పంపాలి. మా ఆవిడ సంఘం లెక్కలన్నీ లిబ్రే ఆఫీసు సొంత ఫార్మాట్‌లో ఉంటాయి, పత్రికల పనికి నా దగ్గరికి వచ్చేవారు పంపే వర్డ్ ఫైళ్లు వర్డ్‌లోనే తెరుచుకుంటాయి.

మైక్రోసాఫ్ట్ ఆఫీసులోనే రెండు వెర్షన్లు ఉంచుకోదలచినవారు మాత్రం రెండు సంగతులు పాటించాలి. పాత వెర్షన్‌ను ముందు, కొత్త వెర్షన్‌ను తరువాత ఇన్‌స్టాల్ చేయాలి. 32 బిట్ వెర్షన్‌నూ 64 బిట్ వెర్షన్‌నూ కలపకూడదు. ఇంత చేసినా కొన్ని జోడీలు అసలు పొసగవు కనుక, పాత వెర్షన్ కావలసింది ఎప్పుడో ఒకసారి తెరిచే నాలుగు ఫైళ్ల కోసమే అయితే ఆ ఫైళ్లను కొత్త ఫార్మాట్‌లోకి మార్చుకోవడమే తెలివైన పని.

బ్రౌజర్లు

ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఎడ్జ్ మూడూ ఎవరి సామాను వారి గదిలో పెట్టుకొనే రకం. పాస్‌వర్డులు, చరిత్ర, కుకీలు (వెబ్‌సైట్లు మన లాగిన్‌ను గుర్తుంచుకొనే చిన్న ఫైళ్లు), పొడిగింతలు (బ్రౌజర్‌కు తగిలించుకొనే చిన్న ప్రోగ్రాములు) దేనికవే విడిగా ఉంటాయి. ఎడ్జ్ 2020 జనవరి నుంచి క్రోమ్‌కు మూలమైన క్రోమియమ్ మీదనే నడుస్తున్నప్పటికీ ఈ విషయంలో రెంటికీ సంబంధం లేదు. అందుచేత బ్యాంకు పనులకు ఒకటి, మామూలు చదువుకు ఒకటి అని విడగొట్టుకోవడం చక్కని అలవాటు.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఇద్దరు వేరువేరు ఖాతాలతో ఒకే వెబ్‌సైట్‌లోకి వెళ్లాలనుకొని ఒకే బ్రౌజర్‌లో రెండు ట్యాబులు తెరుస్తారు. రెండో వ్యక్తి లాగిన్ కాగానే మొదటి వ్యక్తి లాగిన్ పోతుంది. ఆ రెండు ట్యాబులూ ఒకే కుకీల పెట్టెను పంచుకుంటాయి కాబట్టి అది సహజమే. ఒకటి మామూలు విండో, ఇంకొకటి ప్రైవేటు విండో అయితే పని జరుగుతుంది గాని, క్రోమ్‌లో రెండు ఇన్‌కాగ్నిటో విండోలు తెరిస్తే అవి రెండూ మళ్లీ ఒకే పెట్టెను పంచుకుంటాయి. దీనికి సరైన మార్గం ప్రొఫైళ్లు, అంటే ఒకే బ్రౌజర్‌లో ఒక్కొక్కరికి ఒక్కొక్క విడి పెట్టె. క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ విండో పైభాగంలోని ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కి కొత్త ప్రొఫైల్ చేర్చుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రసు గడిలో అబౌట్ అనే ఇంగ్లీషు మాట, దాని వెంటనే కోలన్ గుర్తు, ఆ వెంటనే ప్రొఫైల్స్ అనే మాట టైపు చేస్తే ప్రొఫైళ్ల పేజీ వస్తుంది. ఒక్కొక్క ప్రొఫైల్‌కు ఒక్కొక్క రంగు పెట్టుకుంటే టికెట్ల రోజు హడావిడిలో మేనత్తగారి ఆధార్ వివరాలు చిన్నాన్నగారి లాగిన్‌లో పడకుండా ఉంటాయి. ఫైర్‌ఫాక్స్ 67వ వెర్షన్ నుంచి ఒకే కంప్యూటర్‌లో విడిగా ఇన్‌స్టాల్ చేసిన ప్రతి ఫైర్‌ఫాక్స్‌కూ దాని సొంత ప్రొఫైల్ ఏర్పడుతుంది కాబట్టి, ప్రయోగించి చూడడానికి బీటా వెర్షన్‌ను (పూర్తిగా విడుదల కాకముందు వచ్చేదాన్ని) కూడా పెట్టుకోవాలనుకునేవారు నిర్భయంగా పెట్టుకోవచ్చు.

తెలుగు టైపు చేసే మూడు పద్ధతులు

తెలుగువారి కంప్యూటర్లలో అన్నిటికంటె పెద్ద తగవు ఇక్కడే ఉంది కనుక ఈ భాగాన్ని కొంచెం నిదానంగా చెబుతాను. మన డీటీపీ పనిలో, అంటే కంప్యూటర్ మీద అచ్చు పేజీలు కూర్చే పనిలో, దశాబ్దాలుగా వాడుకలో ఉన్నది పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాము, అను ఫాంట్లు. అను ఫాంట్లలో తెలుగు అక్షరాలు నిజానికి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చున్న ముక్కలు: తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క, గుడి ఒక ముక్క. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. ఒక్కొక్క లిపి అక్షరాలకు సొంత సంకేతాలిచ్చే యూనికోడ్ దీనికి పూర్తిగా వేరైన పద్ధతి. అందులో తెలుగుకు విడిగా 128 స్థానాలు కేటాయించారు. క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు వరుసగా వస్తే ‘క్ష’ అని కూర్చి చూపే పని ఫాంటుది, ఆ ఫాంటును నడిపే ప్రోగ్రాముది.

ఈ తేడా ఎంత పని పెడుతుందో నాకు 2022లో బాగా తెలిసివచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డాక, నా దగ్గరున్న పాత పత్రికల నమూనాలన్నిటిలో చిరునామా చివరనున్న ‘చిత్తూరు జిల్లా’ను మార్చవలసి వచ్చింది. ఫైళ్లన్నిటినీ ఒకేసారి వెతికించి మార్పిద్దామని యూనికోడ్‌లో ‘చిత్తూరు’ అని కొట్టి వెతికితే ఒక్క ఫైలూ దొరకలేదు. కంటికి అదే మాట, కంప్యూటర్‌కు మాత్రం వేరే సంకేతాల వరుస. చివరికి అను కీబోర్డుతోనే ఒక చోట ‘చిత్తూరు’ అని టైపు చేసి, దాన్ని కాపీ చేసి, పేజ్‌మేకర్ వెతుకులాట గడిలో అతికించి, ఫైలు తరువాత ఫైలుగా మార్చుకున్నాను. వెతికే మాట, వెతికే చోటు రెండూ ఒకే పద్ధతిలో ఉండాలన్న ఈ నియమాన్ని మీ పాత ఫైళ్ల విషయంలో తప్పక గుర్తుంచుకోండి.

ఇక కీబోర్డు దగ్గరి తగవు. అను స్క్రిప్ట్ మేనేజర్ వంటి ప్రోగ్రాము వెనుక నిలబడి, మీరు నొక్కిన ప్రతి మీటనూ మధ్యలో పట్టుకొని తన పట్టిక ప్రకారం మార్చి పంపుతుంది. విండోస్ తెలుగు కీబోర్డు కూడా అదే పని చేస్తుంది. రెండూ ఒకేసారి ఆన్‌లో ఉంటే ఒకటి మార్చినదాన్ని మరొకటి మళ్లీ మార్చబోతుంది. తెర మీద చుక్కలు, డబ్బాలు, పొడి అక్షరాలు కనిపించి, ఫాంటు చెడిపోయిందని మనం ఫాంటును మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటాం. అలాంటప్పుడు మొట్టమొదట చూడవలసింది తెర కింద కుడి మూలనున్న భాష గుర్తును. పేజ్‌మేకర్‌లో ఉన్నప్పుడు అది ఇంగ్లీషు చూపించాలి. యూనికోడ్ పనికి వచ్చినప్పుడు స్క్రిప్ట్ మేనేజర్ ఆఫ్‌లో ఉండాలి.

దీన్ని ప్రతిసారీ గుర్తుపెట్టుకొని చేయడం సాధ్యం కాదు గనుక కంప్యూటర్‌కే అప్పగించండి. సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ కీబోర్డు సెట్టింగ్స్‌లో, ఒక్కొక్క యాప్ విండోకు ఒక్కొక్క ఇన్‌పుట్ పద్ధతి వాడుకోనివ్వమనే గడి ఒకటి ఉంటుంది. దానికి టిక్కు పెడితే వర్డ్ విండోలో తెలుగు, పేజ్‌మేకర్ విండోలో ఇంగ్లీషు వాటంతట అవే నిలిచి ఉంటాయి. భాష మార్చడానికి విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కితే చాలు. ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కినా భాష మారుతుంది గాని, డిజైను ప్రోగ్రాముల్లో ఆ రెండు మీటలనూ ఇతర పనులకు తరచుగా నొక్కుతాం కాబట్టి మనకు తెలియకుండానే భాష మారిపోతూ ఉంటుంది. అదే పేజీలోని ‘ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్’లో ఆ జోడీని తీసేయడం మంచిది. నా సగం చిరాకు ఆ ఒక్క మార్పుతో పోయింది.

విండోస్‌లో తెలుగుకు, భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎన్నో ఏళ్లుగా ఉంది. ఇంగ్లీషు అక్షరాల ఉచ్చారణను బట్టి తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు 2019 మే నెల అప్‌డేట్‌తో చేరింది. ఈ రెండూ ఉంటే మూడో యూనికోడ్ టైపింగు ప్రోగ్రాము అవసరం చాలామందికి ఉండదు. ఒకే భాషకు నాలుగు కీబోర్డులు చేర్చుకుంటే స్పేస్ బార్ నొక్కుతూ వాటిలో మనకు కావలసినదాన్ని వెతుక్కోవడమే పనవుతుంది.

ఫాంట్ల విషయంలో రెండు చిన్న సంగతులున్నాయి. ఫాంటు మీద రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే అది ఆ వాడుకరి ఖాతాకే పరిమితమవుతుంది. ఇంట్లో అందరికీ కావాలంటే కుడి మీట నొక్కి ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ ఎంచుకోవాలి. పాత పత్రాల్లో వాడిన గౌతమి, వాణి ఫాంట్లు కనిపించకపోతే కంగారు పడనవసరం లేదు. విండోస్ 10 నుంచి అవి ఐచ్ఛికంగా చేర్చుకునే తెలుగు సప్లిమెంటల్ ఫాంట్లలోకి వెళ్లాయి, ఆప్షనల్ ఫీచర్స్‌లో వెతికి తెచ్చుకోవచ్చు. పేజ్‌మేకర్ నుంచి అలాంటిదే అయిన కొత్త ప్రోగ్రాము ఇన్‌డిజైన్‌కు మారేవారు యూనికోడ్ తెలుగు కోసం పేరాగ్రాఫు అమరికల్లో వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకోవాలి. లేకపోతే ఒత్తులు అక్షరం కిందికి చేరక పక్కన పడతాయి. ఒకసారి చంద్రగిరి దగ్గరి చుట్టాల పెళ్లి పత్రికలో ఈ అమరిక మరిచి, ఒత్తులన్నీ విడిపోయిన ఫైలును అచ్చుకు పంపబోయాను. పెళ్లికూతురి పేరులోనే ఒత్తు ఉండబట్టి మా ఆవిడ కంటపడింది.

ఒక ఒరలో రెండు కత్తులు

ఇంతవరకూ అన్నీ కలిసి ఉండవచ్చుననే చెప్పాను గాని, యాంటీవైరస్ దగ్గర మాత్రం నా మాట మారుతుంది. యాంటీవైరస్ పనే డిస్కు మీద కాపలా. మీరు ఏ ఫైలును తాకినా అది ముందుగా ఆ ఫైలును పట్టుకొని చూస్తుంది. ఇద్దరు కాపలాదారులుంటే ఒకరు పట్టుకున్న ఫైలును మరొకరు లాగుతారు, ఒకరు బంధించిన వైరస్‌ను మరొకరు కొత్తగా కనిపెట్టినట్టు గోల చేస్తారు, చివరికి పెళ్లి పత్రిక తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్‌కు ఈ సంగతి తెలుసు కనుకనే వేరే యాంటీవైరస్ సక్రమంగా ఇన్‌స్టాల్ అయితే తాను తప్పుకుంటుంది. కాని బయటినుంచి తెచ్చిన రెండు యాంటీవైరస్‌ల మధ్య అలాంటి మర్యాద ఉండదు. కంప్యూటర్ కొన్నప్పుడు దుకాణంవారు వేసి ఇచ్చిన ట్రయల్ ఒకటి, తరువాత మనం కొన్నది ఒకటి కలిసి మా ఇంట్లో దాదాపు ఒక నెలపాటు యంత్రాన్ని నత్తలా నడిపించాయి. పాతదాన్ని మామూలుగా తీసేసినా దాని భాగాలు కొన్ని మిగిలిపోతాయి. దాన్ని తయారుచేసిన సంస్థ తన వెబ్‌సైట్‌లో ఇచ్చే తొలగింపు ఉపకరణాన్ని నడిపి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేశాకే కొత్తదాన్ని పెట్టండి. సాధారణ ఇంటి వాడకానికి డిఫెండర్ ఒక్కటే సరిపోతుందని నా అభిప్రాయం. కంప్యూటర్‌ను శుభ్రం చేస్తామని, డ్రైవర్లను అప్‌డేట్ చేస్తామని వచ్చే ఉచిత ప్రోగ్రాములు ఒక్కటి కూడా అవసరం లేదు.

ఎవరు ముందు లేస్తారు, ఎంత తింటారు

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులోని స్టార్టప్ జాబితాలో, కంప్యూటర్ ఆన్ కాగానే లేచే ప్రోగ్రాములన్నీ కనిపిస్తాయి. ఆ జాబితాలో పేరును డిసేబుల్ చేసినంత మాత్రాన ప్రోగ్రాము పోదు, మనం పిలిచినప్పుడు మాత్రమే వస్తుంది. స్క్రిప్ట్ మేనేజర్‌ను నేను అలా డిసేబుల్ చేసి, పేజ్‌మేకర్ పని ఉన్న రోజున మాత్రమే తెరుస్తాను. బ్రౌజర్లు మూసిన తరువాత కూడా వెనుక నడుస్తూ ఉండవచ్చు. ఎడ్జ్‌లో ‘స్టార్టప్ బూస్ట్’నూ, క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ మూసినా వెనుక నడవనిచ్చే అమరికనూ ఆఫ్ చేస్తే ఆ ర్యామ్ మీకు తిరిగి దొరుకుతుంది.

విండోస్ 11 కనీసంగా అడిగేది 4 జీబీ ర్యామ్. కాని అంత ర్యామ్‌తో రెండు బ్రౌజర్లు, ఒక ఆఫీసు ప్యాకేజీ కలిపి తెరిస్తే యంత్రం ఆపసోపాలు పడుతుంది. ఈ వ్యాసంలో చెప్పినట్టు నడపాలంటే 8 జీబీ ఉండాలి, కింద చెప్పబోయే వర్చువల్ మెషీన్ (కంప్యూటర్‌లోనే కల్పించుకొనే ఇంకొక కంప్యూటర్) కూడా కావాలంటే 16 జీబీ మంచిది. పాత హార్డ్ డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) వేయించుకోవడం ఏ కొత్త ప్రోగ్రాముకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఒకే ఫోల్డరు మీద రెండు చేతులు

ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ రెండూ ఉండవచ్చు, కాని ఒకే ఫోల్డరును రెంటికీ అప్పగించకూడదు, ఒకదాని ఫోల్డరులో మరొకదాని ఫోల్డరును పెట్టనూ కూడదు. ఇది తెలియకుండానే జరిగిపోతుంది, ఎందుకంటే వన్‌డ్రైవ్ తరచుగా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను తన అధీనంలోకి తీసుకొంటుంది, గూగుల్ డ్రైవ్ కూడా కంప్యూటర్‌లోని ఫోల్డర్లను బ్యాకప్ చేస్తానని అడుగుతుంది. రెంటికీ సరే అంటే ఒకే ఫైలు రెండు మూడు పేర్లతో పుట్టుకొస్తుంది, వాటిలో ఏది తాజాదో తెలియదు. టాలీ వంటి లెక్కల ప్రోగ్రాములు రెండు వెర్షన్లు ఉన్నవారికి కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. కొత్త వెర్షన్ ఒకసారి డేటాను తన రూపంలోకి మార్చుకుంటే పాతది దాన్ని తెరవలేకపోవచ్చు. అందువల్ల వెర్షన్‌కొక డేటా ఫోల్డరు పెట్టి, మార్పుకు ముందు పాత ఫోల్డరును కాపీ చేసి పక్కన దాచాలి.

పాత వెర్షన్లు, వేరు వెర్షన్లు

పైథాన్ వెర్షన్లు ఎన్ని ఉన్నా ఒకదానినొకటి చెరపవు. ఆజ్ఞ ఇచ్చినప్పుడు ఏది పలుకుతుందన్నదే ప్రశ్న, దానికి జవాబు ప్రోగ్రాములను ఏయే ఫోల్డర్లలో వెతకాలో విండోస్‌కు చెప్పే పాత్ అనే జాబితాలో ఏది ముందుందనే దాని మీద ఆధారపడుతుంది. ఆ జాబితాతో కుస్తీ పట్టడం కంటె, పైథాన్‌తో వచ్చే పై లాంచర్‌కు వెర్షన్ సంఖ్య చెప్పి పిలవడం, ప్రతి ప్రాజెక్టుకూ విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టుకే పరిమితమైన పైథాన్ అమరిక) తయారుచేసుకోవడం ఉత్తమమని మా అబ్బాయి చెప్పగా నేనూ చూశాను. అతని వెబ్ సర్వర్ ప్రోగ్రాములు రెండు ఒకే 80వ పోర్టును (నెట్‌వర్క్ రాకపోకలకు అంకె వేసిన ద్వారాన్ని) అడిగినప్పుడు మాత్రం రెండోది లేవదు. ఒకదానికి 8080 ఇస్తే సరిపోతుంది.

పేజ్‌మేకర్ సంగతి వేరు. 2001లో వచ్చిన 7.0 తరువాత అడోబీ దాన్ని ముందుకు తీసుకుపోలేదు. కొత్త విండోస్‌లో కొందరికి నడుస్తుంది, కొందరికి ఫాంట్ల దగ్గర, ప్రింటరు దగ్గర మొరాయిస్తుంది. దానికోసం కంప్యూటర్ మొత్తాన్ని పాత విండోస్‌లోనే ఉంచేవారిని మన ఊళ్లో చాలామందిని చూస్తాం. విండోస్ 7కు 2020 జనవరి 14తోనే మద్దతు ఆగిపోయింది కాబట్టి అలాంటి యంత్రంలో బ్యాంకు పని చేయడం సాహసమే. దీనికి వర్చువల్‌బాక్స్ మంచి పరిష్కారం. అది మీ కంప్యూటర్‌లోనే ఇంకొక కంప్యూటర్‌ను కల్పించే ఉచిత ప్రోగ్రాము. ముందు బయాస్‌లో, అంటే విండోస్ లేవకముందు తెరిచే అమరికల తెరలో, వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. లోపల పాత విండోస్‌ను లైసెన్సుతో ఇన్‌స్టాల్ చేసి, దానికి మీ ర్యామ్‌లో సగానికి మించకుండా ఇచ్చి, పేజ్‌మేకర్, అను ఫాంట్లు అందులోనే పెట్టుకోవాలి. ఆ లోపలి యంత్రానికి నెట్‌వర్క్ ఆఫ్ చేసి, ఫైళ్ల రాకపోకలకు ఒక షేర్డ్ ఫోల్డరు మాత్రమే తెరవండి. అంతా కుదురుకున్నాక ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టుకుంటే, ఎప్పుడు చెడినా నిమిషంలో ఆ స్థితికి తిరిగి వస్తుంది. కీబోర్డు తగవు కూడా దీనితో మొదలంటా తెగిపోతుంది: స్క్రిప్ట్ మేనేజర్ లోపలి యంత్రంలో, యూనికోడ్ కీబోర్డు బయటి యంత్రంలో.

తీసేసేటప్పుడు

ఆరు నెలలుగా ముట్టని ప్రోగ్రామును ఉంచుకోవలసిన పని లేదు. అయితే తీసేముందు అది తెరిచే ఫైళ్ల హక్కును డిఫాల్ట్ యాప్స్‌లో వేరొకదానికి మార్చండి. లేకపోతే రేపు ఆ ఫైలు మీద నొక్కినప్పుడు విండోస్ దిక్కు తోచనట్టు ఏ ప్రోగ్రాములో తెరవాలని మిమ్మల్నే అడుగుతుంది. బ్రౌజర్‌ను తీసేస్తుంటే అందులో దాచిన పాస్‌వర్డులను ముందుగా మరొకదానిలోకి తెచ్చుకోవాలి. ఫోల్డరును చేత్తో చెరిపేయకుండా సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితా నుంచే తీయాలి. కొన్ని ప్రోగ్రాములు తమ అమరికలను యాప్‌డేటా అనే దాగిన ఫోల్డరులో వదిలి వెళతాయి. మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు పాత జబ్బే తిరిగి వస్తే దానికి కారణం అక్కడ ఉంటుంది.

ఆ యాప్స్ జాబితాను కిందికి జరుపుతూ పోతే మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే పేరు 2010, 2012, 2013, 2015–2022 అని రకరకాల సంవత్సరాలతో, ఒక్కొక్కటి 32 బిట్‌కూ 64 బిట్‌కూ విడిగా, పది దాకా కనిపిస్తుంది. ఇవన్నీ ఒకటేనని, అనవసరంగా పడి ఉన్నాయని అనిపించడం సహజం. మా బావమరిది ఒక ఆదివారం మా కంప్యూటర్‌ను శుభ్రం చేస్తానని కూర్చొని వాటిలో ఆరింటిని తీసేశాడు, సాయంత్రానికి నా డిజైను ప్రోగ్రాము డీఎల్‌ఎల్ ఫైలు (ప్రోగ్రాములు పంచుకొనే ఉమ్మడి భాగం) లేదంటూ తెరుచుకోలేదు. వేరువేరు ప్రోగ్రాములు వేరువేరు సంవత్సరాలవాటి మీద ఆధారపడతాయి, ఒకటి మరొకదాని బదులు పనిచేయదు, అన్నీ కలిపినా అవి తీసుకొనే చోటు స్వల్పం. వాటిని ముట్టకండి. ఇప్పటికే తీసేసి ఉంటే, ఆ సంవత్సరపు ప్యాకేజీని రెండు బిట్ రకాలలోనూ మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్ నుంచే తెచ్చుకొని మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి.